పాత డ్రైవర్

ఉప్పల్

కిష్టయ్యకు,

నీ కంపెనీ బస్సు మీది నుంచి నన్ను దింపి నాలుగేళ్ళయింది. "ముసలోనివైనవ్ బావా" అన్నావు. ఆ మాట ఇంకా నా కడుపులోనే ఉంది.

ఇప్పుడు విను. మనవరాలు మౌనిక తన కంప్యూటర్‌లో కొత్త డ్రైవర్ వేసింది. డ్రైవర్ అంటే మనిషి కాదు, మిషన్‌ను లోపలి నుంచి నడిపించేదట. అంతే, పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వలేదు. కాలేజీ ప్రాజెక్టు అందులోనే ఉందని రెండు రోజులు ఏడ్చింది. ఈ పొద్దున తెరిచింది!

"ఎట్ల జేసినవ్ బిడ్డా?"

"సేఫ్ మోడ్ అని మిషన్‌కు ఒక దొడ్డిదారి ఉంటది, అండ్లకెల్లి పోయి కొత్త డ్రైవర్‌ను దింపేసిన తాతా, పాత డ్రైవర్‌నే ఎక్కించిన. గంతే!"

కుర్చీలోంచి ఎగిరి లేచాను. మిషన్‌కు తెలిసింది నీకు తెలియదా? లైసెన్సు మొన్ననే రెన్యువల్ చేయించాను. కళ్ళద్దాలు మార్చాను. మీ అక్కకు చెప్పకు. నాచారం షిఫ్టు బస్సు నాకు ఇస్తావో లేదో, ఫోన్లో నసగకుండా, సోమవారం లోపల కాగితం మీద రాయి.

నీ బావ