చూసి వచ్చినవాళ్ల పేర్లు

1948 ఆగస్టు 8, ఆదివారం. సాయంత్రం

కోహెడ నుంచి ఇప్పుడే దిగాను. నడుం విరిగింది. లాల్ మహమ్మద్ బండి తోలితే ఏ గుంతా అలిగి పక్కకు పోదు. ఆ మాటే వాడితో అన్నాను. మస్తు దేశాలు తిరిగొచ్చిన నడుం గద అయ్యగారూ, మా తొవ్వలంటే దానికి గింతంత కోపం అన్నాడు. నిజమే. రంగూన్‌లో ట్రాములెక్కాను. సిలోన్‌లో రైలెక్కి తేయాకు తోటల్లో ఆరాధనలు జరిపాను. అన్నీ తిరిగి చివరికి ఇబ్రహీంపట్నం చర్చిలో పడ్డాను. బిషప్పు గారు దీన్ని విశ్రాంతి అన్నారు.

ఆరాధన అయ్యేదాకా లాల్ మహమ్మద్ బయట ఎడ్ల దగ్గరే కూర్చుంటాడు. వాడు లోపలికి రాడు, నేను పిలవను. మన పాటలు మాత్రం అన్నీ వచ్చు. దారిలో ఎడ్లకు అవే పాడతాడు, రాగం తప్పి.

ప్రేమమ్మ నిన్న కబురు పెట్టింది. కాలు వాచిందట, ఆదివారం రాకముందే వచ్చి చూడాలట. చూడకపోతే తన పేరు ప్రార్థనలో రాదని బెంగ. అది నా రూలు. ఆ వారం నేను కళ్లారా చూసి వచ్చినవాళ్ల పేర్లే చెబుతాను. ఊళ్లో లేనివాళ్లను పేర్లు లేకుండా ఒక్క మాటలో కలిపేస్తాను. అయ్యగారి నోట పేరు పడాలంటే మంచం పట్టాలె అని మా సంఘ పెద్ద ఇస్తారి నవ్వుతాడు.

ఈ రూలు ఎందుకు పెట్టుకున్నానో అతనికి చెప్పలేదు. నలభై రెండులో జపానువాళ్లు వచ్చిపడ్డాక బర్మా నుంచి నడిచి వస్తూ దారి పొడవునా మనుషుల్ని పూడ్చాను. అంతా మన తెలుగువాళ్లే, రేవులో కూలీలు. పేర్లు అడిగే టైం లేకపోయింది. ఈ తల్లిని, ఈ పిల్లవాడిని అంటూ దేవుడికి అప్పగించాను. మా ఆవిడ కూడా ఆ దారిలోనే పోయింది. ఆమెకొక్కదానికి పేరు పెట్టి ప్రార్థన చెప్పుకోగలిగాను. అప్పటినుంచి పేరు లేని ప్రార్థన నాకు ప్రార్థనలా ఉండదు.

ఆగస్టు 20

నిజాం నవాబు పేరు చెప్పుకొని తిరిగే తుపాకులవాళ్లు నిన్న లాల్ మహమ్మద్‌ను బండితో సహా పట్టుకుపోయారు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. రావిర్యాలలో ఇస్తారి తమ్ముడు నారయ్య ఇల్లు దోచారు. జొన్న బస్తాలు ఆ బండిలోనే పోయాయి. అడ్డం వచ్చిన నారయ్యను కట్టెలతో కొట్టారు. పొద్దున ప్రాణం పోయింది. ఇప్పుడే పూడ్చి వచ్చాను.

లాల్ మహమ్మద్ చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెంపలు వాయించుకుంటున్నాడు. తోలనంటే ముందుగాల ఎడ్లను కాలుస్తం, ఎన్క నిన్ను అన్నరు అయ్యగారూ, నా కండ్ల ముందటనే కొట్టిన్రు, నేను పగ్గాలు పట్టుకొని కూసున్న అన్నాడు. పక్కన కూర్చున్నాను.

ఆగస్టు 22, ఆదివారం

ఇస్తారి గుడికి వచ్చాడు. ఒక్క పాట కూడా పాడలేదు. బయట ఎడ్లున్న వైపు చూడకుండా పోయాడు.

సెప్టెంబరు 14

పొద్దుటి నుంచి ఇండియా విమానాలు.

సెప్టెంబరు 18

నవాబు లొంగిపోయాడట. జనమంతా బజార్లో ఉన్నారు. ప్రేమమ్మ వాచిన కాలితోనే ఎగిరింది. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి. దర్జీ ఖైసర్ దుకాణం మాత్రం తెరవలేదు.

సెప్టెంబరు 21, రాత్రి

ఖైసర్‌ను చంపేశారు. వాడు సూది తప్ప ఇంకేమీ పట్టినవాడు కాదు. తుపాకులవాళ్లు ఎప్పుడో పారిపోయారు. ఇప్పుడు జనం దొరికిన తురకవాళ్ల మీద పడుతున్నారు.

లాల్ మహమ్మద్, వాడి పెళ్లాం మదీనా బీ వెనక గోడ దూకి వచ్చారు. గుడి పక్కన నేను అంగీలు మార్చుకునే వెస్ట్రీ గదిలో పెట్టి తాళం వేశాను. ఆ బండిని రావిర్యాల మరిచిపోదు. దొరికితే వదలరు. వీళ్లు పట్నం పారిపోయారని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ. మిషన్ మోటారు పంపమని హైదరాబాదుకు కబురు చేశాను. సోమవారం వస్తుందట. అందాకా ఎవరికీ తెలియకపోతే చాలు.

సెప్టెంబరు 24

వెస్ట్రీలో నా అంగీల మధ్య మనుషుల వాసన. అన్నం నేనే తీసుకెళ్తున్నాను. నమాజుకు పడమర ఎటని అడిగాడు. చూపించాను. మా బలిపీఠం తూర్పున ఉంది. మీ దేవునికి వీపు పెడుతున్న అయ్యగారూ, జర ఏమనుకోకుండ్రి అన్నాడు. ఆయన ఏమీ అనుకోడన్నాను. మదీనా బీ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఒకరు నవ్వగా చూశాను.

ఎడ్లు ఎట్లున్నయో అని రోజూ అడుగుతాడు. బాగున్నాయని చెబుతున్నాను. నేను చూడలేదు.

సెప్టెంబరు 26, ఆదివారం. పగలు పన్నెండు

ఆరాధన బాగా జరిగింది. గుడి నిండింది. భయం తగ్గినట్టుంది జనానికి. పేర్లు చెప్పేటప్పుడు గొంతు నిండుగా వచ్చింది. ప్రేమమ్మ కాలు, ముసలి ఎంకమ్మ దగ్గు, ఇసాక్ జ్వరం, లాల్ మహమ్మద్, మదీనా బీ. ఇస్తారి తల ఎత్తి నన్నే చూశాడు. తురకవాళ్ల కోసం ప్రార్థిస్తానా అని కోపం వచ్చి ఉంటుంది. రానీ. రేపు మోటారు వస్తుంది.

మూడు గంటలు

ఏం చేశాను నేను.

ఇస్తారి వచ్చి చెప్పేదాకా నా బుర్రకు ఎక్కలేదు. చూడనోళ్ల పేరు అయ్యగారు చదవడని మాకు మీరే నేర్పిన్రు గద అన్నాడు. వాడు ఈన్నే ఉన్నడని గుళ్లె అందరికి ఎర్కైంది, మా అయ్యగారు తురకోళ్లను గుడ దాస్తడని ప్రేమమ్మ బాయి కాడ గొప్పగ చెప్తుంది, పొద్దుగూకకముందే ఎటన్న పంపుండ్రి అన్నాడు.

తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు వచ్చి ఈ మాట చెప్పాడు. నేను వాడి కోపం గురించి రాసుకుంటూ కూర్చున్నాను. కందుకూరు వైపు చేలల్లోంచి పంపాలి. ఇప్పుడే లేస్తున్నాను.

సెప్టెంబరు 27

రాయాలి.

నిన్న తాళం తీసేలోపే వచ్చేశారు. గొడ్డళ్లు, కట్టెలు. సగం మంది రావిర్యాలవాళ్లు, సగం ఈ ఊరివాళ్లు. పొద్దున ఆరాధనలో నా చేతి నుంచి రొట్టె తిన్నవాళ్లు ఇద్దరు. గడపలో నేను నిలబడ్డాను. నా పక్కన వచ్చి ఇస్తారి నిలబడ్డాడు. నీ తమ్ముని కోసమే వచ్చినం, నువ్వెందుకు అడ్డం అన్నారు. నా తమ్ముడు మిమ్ములను అడిగిండా అన్నాడు ఇస్తారి. వాణ్ణి పక్కకు ఈడ్చేశారు. నన్ను తోశారు. కింద పడ్డాను. ముసలివాణ్ణి.

వెస్ట్రీ తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. నేను తాళం వేసిన గడియను లోపలి నుంచి ఎప్పుడు ఊడదీశాడో. ఆడమనిషి ఉంది, లోపలికి రాకుండ్రి, నేనే వస్తున్న అంటూ లాల్ మహమ్మద్ బయటికి నడిచాడు. నన్ను లేపి కూర్చోబెట్టి మరీ వెళ్లాడు. ఎడ్లను ఇస్తారి అన్నకు అప్పజెప్పుండ్రి అన్నాడు.

గుడి బయట ఎడ్లు కట్టేసే చోటే చంపారు. రాత్రి అక్కడే పూడ్చాం.

ఈ పొద్దున పదింటికి మిషన్ మోటారు వచ్చింది. ఖాళీగా పంపాను. మదీనా బీ ఎక్కనంది. మనిషి ఈన్నే ఉన్నడు, నేనెటు పోవాలె అంది. ప్రేమమ్మ వచ్చి మెట్ల దగ్గర తల బాదుకుంటోంది. నీ తప్పు కాదమ్మా అని చెప్పాను. అవును, ఆమె తప్పు కాదు. ఆ పేరు చెప్పింది నేను.

సెప్టెంబరు 30

రోజూ వాడిని పూడ్చిన చోటికే వెళ్తున్నాను. ఇస్తారి ఎడ్లకు మేత వేస్తున్నాడు.

అక్టోబరు 3, ఆదివారం

పేర్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. బయట ఎడ్ల దగ్గర నుంచి మదీనా బీ అంది, చెప్పుండ్రి అయ్యగారూ, ఇప్పుడెవరొస్తరు.

చెప్పాను. ఈ వారమంతా చూసి వచ్చింది వాడినే.