ఐదు పేర్ల లైసెన్సు

జులై 3
టైపింగ్‌కి కూకోగానే తెర మూల ఎర్రడబ్బా. యాంటీవైరస్ ఇంకా తొమ్మిది రోజులేనట. ఐదు కంప్యూటర్లకి ఒకటే లైసెన్సు— రెండు మావి, మూడు మా మరిదోళ్లవి. అందరం ఒక పొయ్యి మీద తిన్నప్పుడు నా పేరున కొన్నది.

పోయిన మాఘంలో ఏరు పడ్డాం. గిన్నెలు, గొడ్లు, మామిడితోట, ఆకరికి రుబ్బురోలు కూడా కాగితం మీద రాసీసేరు పెద్దమనుసులు. పెరట్లో నిలువెత్తు గోడ లేసింది. ఈ లైసెన్సు ఒక్కటీ ఎవలికీ గుర్తు రానేదు.

ఈయనకి సెప్తే— "రెండింటిది తీసుకో, సవక. ఆళ్లవి ఆళ్లే సూసుకుంటారు." ఏసంకాలంలో పొలం గట్టు మీద మోటారు కోసం అన్నదమ్ములిద్దరూ మాటా మాటా అనుకున్నారు, సరే. ఆరోజు నుండి నా తోటికోడలు గౌరితో నాకెందుకు మాటల్లేవు? మేమేటి అనుకున్నామని?

జులై 4
ఎకవుంటు తెరిసేను. ఐదు పేర్లూ నేను పెట్టినవే— నాది, పాప, కొట్టు, బుజ్జిగాడు, గౌరి. పేరు పక్కన ఆ కంప్యూటర్ ఆకరిసారి ఎప్పుడు తెరిసేరో ఉంటాది.

ఇక్కడ కాబట్టి రాస్తన్నాను. మాటల్లేని కాడినుండి రోజూ పొద్దున్నే ఈ జాబితా సూస్తాను. కొట్టు ఎనిమిదికి తెరిసేరంటే మరిది వొంట్లో బాగున్నట్టు. బుజ్జిగాడు పదకొండు దాకా ఆటలే... కొడుకుని ఓ కేకెయ్యదేటి గౌరి? గోడవతల మనుసులు నాకు ఇంతే మిగిలేరు. రెండింటిది కొంటే ఆ మూడు పేర్లూ పోతాయి. పోనివ్వాలని నేదు నాకు.

గౌరి పేరు దగ్గర నలబై రోజులు. ఇన్నాళ్లూ ఏదో పనిలో ఉందనుకున్నాను. జాకెట్లకి మగ్గం డిజైన్లన్నీ అందులోనే దాచుకుంటాది. అది తెరవకుండా పని ఎలాగ నడుస్తన్నాదో. భయమేస్తన్నాది.

జులై 5
నలబై ఒకటి.

జులై 6
కాఫీ పెడతా గోడకేసి సెవి పెట్టేను. గిన్నెల సప్పుడుంది. దగ్గు నేదు. తిరుగుతానే ఉన్నాది, మహాతల్లి.

"ఎళ్లి అడుగుతాను" అంటే ఈయన— "పెద్దోళ్లం మనమే ముందు గడప తొక్కితే లోకువైపోతాం." లోకువైతే ఏటి, అరిగిపోతామా... అనలేకపోయాను. అనీసుంటే బాగుండేది.

జులై 8
నెల్లిమర్ల కూరల బజార్లో దొరికింది గౌరి. వంకాయలు ఏరుతన్నాది. ఎళ్లి పక్కన నిలబడ్డాను. కాసేపు ఇద్దరం వంకాయలే ఏరేం.

"కంప్యూటర్ పాడైందేటే?"

"నేదక్కా."

"మరి?"

"ఆ వైరస్‌ది మీది కదా... బావగారన్నారు కదా గట్టు మీద— కాగితంలో రాయంది ముట్టుకోవద్దని. సూసేను. అది రాయనేదు. అందుకే మూసీసేను. మా ఆయనకి సెప్తే మళ్లీ గొడవ. డిజైన్లు సేత్తోనే గీసుకుంటన్నాను."

మోటారు కోసం ఈయన అన్న మాట. ఇది పట్టుకెళ్లి దాని సొంత కంప్యూటర్‌కి తగిలించుకుంది. కళ్ల కింద నల్లగా ఉన్నాది. కోపం ఆగక బజార్లోనే తిట్టేను— "సదుకున్నదానివి, బుద్ధి ఉండక్కర్లేదేటే... నన్నొక మాట అడగాలని నేదేటే..." అంతలో ఏడుపొచ్చీసింది. దానిక్కాదు, నాకు. అది ఏరిన లేత వంకాయలన్నీ నా సంచిలో ఏసీసి ఆటో ఎక్కీసింది.

వండేను. ఈయన రెండోసారి ఏయించుకున్నారు. ఎవరు ఏరినవో సెప్పనేదు.

జులై 10
విజయనగరం ఎళ్లి యాంటీవైరస్ డబ్బా తెచ్చేను. "ఇంట్లో ఎన్ని కంప్యూటర్లండీ?" అన్నాడు కొట్టాయన. ఐదు అన్నాను. ఇంట్లో ఐదు.

ఈయన డబ్బా తిప్పి సూసేరు. గౌరి సెప్పింది సెప్పేను. "నేను మోటారు గురించి అన్నాను..." అన్నారు. కళ్లజోడు తీసి తుడుసుకున్నారు.

జులై 11
కొత్త నంబరు ప్రతిదాంట్లోనూ కొట్టాలట. ఇరవై అక్షరాలు. మద్దేనం మరిది కొట్లో, ఈయన పొలంలో. గోడ దగ్గర పీట ఏసుకుని ఎక్కి పిలిసేను. కాగితం అందిస్తే సరిపోయేది. గౌరి సెయ్యి సాపనేదు.

"నువ్వు సదువక్కా, రాసుకుంటాను."

"ఎన్... నౌపడ ఎన్. కే... కొత్తవలస కే."

"ఊఁ."

"ఎస్... మా మరిది సంతకంలో ఎస్."

నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు ఇని. ఒక్కో అక్షరం రెండేసిసార్లు సదివేను. ఏడంటే "ఒకటా?" అంటాది. కావాలనే అడుగుతన్నాది, తెలుస్తన్నాది. నేనూ కావాలనే మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాను.

"ఐపోయిందా అక్కా?"

"ఐపోయిందే."

అటు అది కదల్నేదు. ఇటు పీట మీంచి నేను దిగనేదు. వీధిలో గేటు సప్పుడైంది. మాదో, ఆళ్లదో...