మీ అమ్మ బట్ట మీది అల్లిక

ముషెంగె నుంచి మిషాపె తన ఇల్లాలు మ్వేలుకు రాసుకునేది.

ఇక్కడ నేనూ, పిల్లలిద్దరూ కులాసా. అక్కడ అత్తయ్యకు దగ్గు తగ్గిందనీ, నువ్వు వేళకు తింటున్నావనీ తలుస్తాను. చిన్నది గంజి తాగనని మొండికేస్తోంది. అచ్చం నీ పోలికే.

కొత్త రాజుగారి డోలు ఎందాకా వచ్చిందని అడిగావు. బాడిస పని, చుట్టూ అల్లిక చెక్కే ఉలి పని అయిపోయాయి. జింకతోలు కూడా బిగించాం. కానీ ఏం లాభం? వీధిలోకి వెళితే చాలు, ప్రతివాడూ "మిషాపె అల్లిక! మిషాపె అల్లిక!" అంటూ భుజం తడుతున్నాడు. ఒళ్లు మండిపోతోంది.

నీ రెండో ప్రశ్న వల్లే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది. మొగుడి అల్లిక చూసి కుట్టావని మీ ఊరి ఆడవాళ్లు దెప్పుతున్నారనీ, ఎప్పుడో ఒకనాడు అత్తయ్యను మట్టికి సాగనంపే రోజున కప్పాలని కుడుతున్న నారబట్టను విప్పేయనా అనీ రాశావు.

మ్వేలూ, దొంగను నేనే. ఆ బట్ట ఒళ్లో పరుచుకుని నువ్వు కుడుతుంటే రోజూ చూసేవాణ్ణి. డోలు ముందు నెల రోజులు కూర్చున్నా నాకొక్క గీత తోచలేదు. చివరికి నీ బట్ట మీది అల్లికనే దాని మీద చెక్కేశాను. కొత్త రాజుకు కొత్త డోలు, డోలుకు కొత్త అల్లిక, అల్లికకు దాన్ని పుట్టించినవాళ్ల పేరు. నీకు తెలియనిదా! పెద్దలొచ్చి "ఎవరిదయ్యా ఇది?" అనగానే నా పాడు నోట్లోంచి "నాదే" అని ఊడిపడింది.

నీ ఉత్తరం చూశాక ఉండబట్టలేక నిన్న సభకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. సభాపెద్ద క్వేతే పకపకా నవ్వాడు.

"విన్నారా! పెళ్లాం పుట్టింటికెళ్లి రెండు నెల్లయింది. బెంగతో రాజుగారి డోలే రాసిచ్చేస్తున్నాడు!"

"కాదు పెద్దయ్యా, నిజంగా ఆవిడదే. మా అత్తగారు నేర్పిన ముడి అది."

"చాల్లేవయ్యా! ఆడవాళ్లు డోళ్లు చెక్కుతారా ఎక్కడన్నా? చెయ్యి తిరిగినవాడికి ఆమాత్రం వినయం ఉండాల్లే. వీడికి కల్లు పొయ్యండ్రా!"

ఇవాళ మళ్లీ వెళ్లాను. మళ్లీ కల్లే. అబద్ధాన్ని ఒక్క మాటకే నమ్మినవాళ్లకు, నిజం రెండుసార్లు చెప్పినా చెవికెక్కడం లేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

నువ్వు మాత్రం ఒక్క పోగు కూడా విప్పకు. ఎల్లుండి లారీకి పిల్లల్ని తీసుకుని వస్తున్నాను. ఆ దెప్పిన ఆడవాళ్లందరినీ అత్తయ్య మంచం దగ్గరికి పిలిచి ఉంచు, వాళ్ల ముందే చెప్తాను. అత్తయ్య నన్ను చెడామడా తిడుతుంది. తిట్టనీ. ఆవిడొక్కతైనా నా మాట నమ్ముతుంది.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని నీ పెనిమిటి,
మిషాపె