చూడకుండానే ‘ఓకే’ చెప్పే సారు

మంగళవారం, ఫిల్మ్ నగర్

మనవరాలు లహరి స్కూల్లో కంప్యూటర్ టీచరమ్మని తీసేసి వీడియో పాఠాలు పెట్టారు. రేపు వాటి మీదే పరీక్ష. సాయంత్రం పిల్ల పక్కన కూర్చుని ఫోన్లో నేనూ చూశాను. నున్నగా తల దువ్వుకున్న సారొకడు గడగడా ఏదో వాగేసి, "అర్థమైందా? వెరీ గుడ్!" అన్నాడు. పిల్ల కళ్లల్లో నీళ్లు.

"ఒరేయ్ దువ్వెనా! అర్థం కాలేదురా, మళ్లీ చెప్పు!" అని అరిచాను.

కోడలు వంటింట్లోంచి వచ్చి, "మామయ్యగారూ, అది రికార్డింగండీ. ఆయనకి వినపడదు," అంది.

"వినపడనోడు అడగడం దేనికమ్మా?"

నేను స్టూడియోల్లో లైట్లు మోసిన రోజుల్లో ఎంత పనికిమాలిన డైరెక్టరైనా షాట్ చూశాకే ఓకే అనేవాడు. కుదరకపోతే ఇంకో టేకు తీసేవాడు. ఈ వెధవ పిల్లల మొహం కూడా చూడకుండా అందరికీ ఓకే చెప్పేస్తున్నాడు.

ఒళ్లు మండి ఫోన్ ఆపేశాను. "ఏది అర్థం కాలేదో నాకు చెప్పవే. నాకెలాగూ ఏమీ రాదు, నా దగ్గర సిగ్గెందుకు?" అన్నాను.

లహరి గబగబా కళ్లు తుడుచుకుంది. "అంతా అర్థమైంది తాతయ్యా," అని తలూపింది.

తలూపడం మాత్రం బాగా నేర్పాడు, దొంగసచ్చినోడు.