ఈశ్వరి బీగం

నవంబర్ 4, సోమవారం, రాత్రి

మనవరాలు ఈశ్వరి ఇంకా ఇంటికి రాలేదు. పొద్దున ఎమ్మిగనూరు ఆఫీసుకని ఆదోని బస్టాండులో బస్సెక్కినాది. ఫోను స్విచ్చాఫ్. బస్సు పడిందేమో. ఎవరన్నా ఎత్తుకపోయినారేమో. రాయబుద్ధి కాలేదు.

నవంబర్ 5

తెలిసిపాయ. హరికృష్ణతో పోయినాదంట. అదే ఆఫీసులో పని చేసే పిల్లోడు. మంచోడే అంటారు. కులం వేరే. నా చిన్న కొడుకు కాశప్ప గడపలో నిలబడి, దొరికితే ఇద్దరినీ ఒకే గుంతలో పెడతా అన్నాడు. పత్తి యార్డులో జనం అప్పుడే మా ఇంటి పేరు చెప్పి నవ్వుతాండారంట. పాప నాయన నరసప్ప, నా పెద్ద కొడుకు, ఏమీ అనలేదు. అనకపోయేదే నాకు ఎక్కువ భయం.

నవంబర్ 6

మేజర్ పిల్ల, ఇష్టపడి పోయినాది, మేమేం చేస్తామని పోలీసు స్టేషన్లో పంపించేసినారంట. అందుకని కంప్యూటర్ షాపు శేషప్పను పిలుచుకొచ్చినారు. పాప ల్యాప్‌టాప్ తెరిచినాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. పాప పాస్‌వర్డ్లన్నీ అందులో వాల్ట్ అని ఒకటుండాది, బీరువా మాదిరి, ఆడ దాచినాదంట. దానికి ఒకటే బీగం, మాస్టర్ పాస్‌వర్డ్. అది తెలీకపోతే కంపెనీ వాళ్లు కూడా తీయలేరంట. తెరిస్తే పాప మెయిల్ దొరుకుతాది, మెయిల్ దొరికితే, సిమ్ము మార్చినా సరే, ఫోను యాడుండాదో మ్యాపులో కనపడతాదంట. పుట్టిన తేదీ కొట్టినాడు, దేవుని పేరు కొట్టినాడు. ఒప్పుకోలేదు.

నాకు తెలుసు ఆ బీగం.

ఆ బీగం పెట్టిన పొద్దు పాప పక్కన కూర్చోని శనక్కాయలు ఒలుస్తాంటి. పాస్‌వర్డ్ కొడతాంటే ఆ తెర మీద చుక్క కూడా పడదు, అందుకే నోట్లో అనుకుంటా కొడతాది. అవి నా మాటలే. ఒకదానికొకటి పొత్తు లేని మాటలు కావాలంటే నేనే ఇచ్చినా. నల్లెద్దు, సద్దరొట్టె, చీపురు, వాన. నేను మర్చిపోతే నువ్వే గుర్తు చేయాలవ్వా అనె.

నోరు మూసుకున్నా.

నవంబర్ 8, శుక్రవారం

తుంగభద్ర ఎల్లెల్సీ కాలువలో ఆడపిల్ల శవం తేలినాదంట.

అదే రోజు, సాయంత్రం

పాప కాదు. యాడి మనిషో, పెద్దామె. నరసప్ప చూసొచ్చి, నీళ్లు పోసుకోని నా పక్కన కూర్చున్నాడు. మొగం మీద గుడ్డ తీసేదాకా మన పాపే అనుకున్నానమ్మా అన్నాడు. యాడో ఒక తావ బతికుండాదని తెలిస్తే చాలన్నాడు. ఏడ్చినాడు. వాడు ఏడ్వంగ చూసి ఎన్నేండ్లాయనో.

పాప ఏం తింటాదో. ఆ పిల్లోడు వదిలేసి పోయినాడేమో. ఇంకో కాలువ ఉండాదేమో.

నవంబర్ 9

నా వల్ల కాలేదు. బీగం నాకు తెలుసప్పా, ముందు పాల మీద బాస చెయ్ అన్నా. మా పక్క దేవరగట్టు మాళ మల్లేశ్వరుని జాతరకు ముందు మొగోళ్లు చేసేది అదే, పాలు ముట్టి చెప్పిన మాట తప్పరు. తప్పినోన్ని నేను చూడలేదు. గిన్నెలో పాలు పెట్టినా. నరసప్ప చెయ్యి పెట్టి చెప్పినాడు.

"మాళ మల్లేశ్వరుని ఆన. పాపను గాని ఆ పిల్లోన్ని గాని నా చెయ్యి తాకదమ్మా."

చెప్పేసినా. శేషప్ప ఇంగ్లీషులో ఎట్లెట్లనో కొట్టి చూసినాడు. కొంచేపటికి తెరుచుకున్నాది. మ్యాపులో నీలం చుక్క, కోడుమూరు పక్క. ఫోను ఆన్‌లో ఉండాదంట. అంటే బతికుండాది. కోడలు ఎల్లమ్మ నా కాళ్లు పట్టుకున్నాది. కడుపు నిండా బువ్వ తిన్నా.

నవంబర్ 10, ఆదివారం, పొద్దున

కాశప్ప ఇంకో ముగ్గురిని జీపులో ఎక్కించుకోని పోయినాడు. నరసప్ప పోలేదు. మంచం మీద కూర్చోని బీడీ తాగుతాండాడు. ఏందప్పా ఇది అని భుజం పట్టి ఊపినా.

"నా బాస నేను తప్పలేదు. నా చెయ్యి ఈడనే ఉండాది చూడు" అని అరచెయ్యి తిప్పి చూపించినాడు.

కాశప్పతో బాస చేయించలేదు నేను. వాడు ఇంట్లోనే ఉన్నాడు గదా ఆ పొద్దు.

పదకొండు గంటలు

పాప కొత్త నంబరు వాల్ట్‌లో ఉంటాదేమోనని ల్యాప్‌టాప్ తెరిచినా. శేషప్ప మూసేసి పోయినాడు, మళ్లీ బీగం పడినాది. మాటలు నాకొస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రావు. ఎల్లమ్మకు తెలుగు అక్షరాలు కూడా రావు. పక్కింటి వీరమ్మను, ఇంగ్లీషు చదివిన కూతుర్ని పంపమంటే, మీ ఇంటి గొడవలోకి మమ్మల్ని లాగొద్దు పెద్దమ్మా అన్నాది.

పోలీసోళ్లకని ఫోనులో 100 కొట్టినా. కోడుమూరు అని చెప్పినా. కోడుమూరులో యాడ అని అడిగినారు. పక్క ఊరా, ఏ వీధి, ఇంటి గుర్తు ఏంది అన్నారు. నేను చూసింది నీలం చుక్క. అదే చెప్పినా. పెద్దమ్మా, ఇంట్లో చదువుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే ఫోనియ్యి అన్నారు.

నవంబర్ 11

కాశప్ప వచ్చినాడు. పాప రాలేదు. బోరింగు కాడ జీపు కడుగుతాండాడు. సీట్లు కూడా ఊడబెరికినాడు.

ఎల్లమ్మ బిందెతో నీళ్లు అందిస్తాండాది.