వెనక పుట్టిన పెద్దవాడు

రాజేందర్‌కు,

మస్కట్ నుంచి సురేందర్ రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పిల్లలు బడికి పోతున్నారా? ఫోన్ చేస్తే రెండు మాటలకే పెట్టేస్తున్నావు కాబట్టి, సెలవు మీద ఇంటికి వస్తున్న గార్ల ఊరి మనిషి చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం సెంట్రింగ్ పని ఆపి, చల్లబడ్డాక మళ్లీ ఎక్కుతున్నాం. నా వంతు రోజు రూములో ఎనిమిది మందికీ పప్పుచారు పెడతాను. తిండికి లోటు లేదు, అవ్వకు చెప్పు. నిద్రే పట్టడం లేదు.

బాపు పోయాడని తెలిసిన రోజు సూపర్‌వైజర్‌ను బతిమాలి సెలవు తెచ్చుకున్నాను. "రేపు పొద్దటికల్లా పెద్దవంగరల ఉంట, బాపును జర ఆపుండ్రి" అన్నాను. మహబూబాబాద్ నుంచి ఫ్రీజర్ డబ్బా తెప్పించమన్నాను. సరే అన్నావు. విమానం దిగి ఫోన్ తెరిస్తే చితి ఫొటో.

ఎందుకు ఆగలేదని అడిగితే, చుట్టాలందరి ముందు ఏమన్నావు?

"దవాఖానల ముందు పుట్టింది నేనే గదా. లెక్కకు నేనే పెద్దోణ్ని."

ఇంట్లో కర్మ ఉంది కదా అని ఆ రోజు గొడవ పెంచలేదు. తర్వాత అవ్వ చెప్పింది. "రాజేందర్ ఆఫీసు సార్లు కార్లేసుకొని వచ్చిండ్రు బిడ్డా, వాళ్లు పోయేలోపట కానిద్దమన్నడు."

కవలల్లో వెనక పుట్టినవాడే పెద్ద, వాడే ముందు కడుపులో పడ్డాడు అని చెప్పింది మన నాయినమ్మ. వెనక పుట్టిన నా బతుకంతా ఆ ఒక్క మాట మీద నడిచింది. పదో తరగతి అయ్యాక ఒక్కరినే చదివించగలనని బాపు అన్నాడు. "నువ్వు పెద్దోనివి బిడ్డా, నాతోని పొలంకు రా" అన్నాడు. నువ్వు హనుమకొండ కాలేజీకి బస్సెక్కావు. బోర్లు ఎండి ఎవరో ఒకరు గల్ఫ్ దేశం పోవాల్సి వస్తే, "పెద్దోనివి, నువ్వే పోవాలె అన్నా" అంటూ పాస్‌పోర్టు ఫారం నీ చేత్తోనే నింపావు. ఆ దవాఖాన లెక్క అప్పుడెక్కడ పోయింది? భూపాలపల్లిలో నీకు నౌకరి వచ్చిందంటే ఇక్కడ అందరికీ మిఠాయి పంచాను. పెద్దరికంలో చాకిరీ నాకు, నిప్పు నీకు. నాకు కోపంగానే ఉంది రాజేందర్, దాచను.

సరే, నువ్వే పెద్దవాడివి. పదిమందిలో అన్నావు, పదిమందీ విన్నారు. మనలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. అంటే అవ్వ నాది. ఏ సార్లు వచ్చి కూర్చున్నా సరే, నేను వచ్చేదాకా ఆమెను వాకిలి దాటించకూడదు. ఈ మాట మేనమామతో, కులపెద్దలతో నువ్వే చెప్పి పెట్టు.

బతికున్న తల్లి గురించి ఇట్లా రాయాల్సి వచ్చింది. ఆమె నూరేళ్లు ఉండాలి. మోకాళ్లకు నూనె సీసాలు రెండు పంపుతున్నాను, పూటపూటకూ రాయించు. ఈ ఉత్తరం మాత్రం ఆమెకు చదివి వినిపించకు. అడిగితే, సురేందర్ వేళకు తింటున్నాడట అని చెప్పు.

మేనమామకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఇన్నేళ్లూ మరదలా అని పిలిచిన నీ భార్యకు, వదినా అని దండం పెట్టానని చెప్పు.

నీ దీవెనలు కోరే
తమ్ముడు
సురేందర్