పెళ్లి పందిట్లో బ్యాంకు బల్ల

7 ఏప్రిల్ 2006

పుంగనూరు బ్రాంచికి కొత్త మేనేజరు వచ్చాడు, యువరాజ్. ప్రైవేటు బ్యాంకులు ఇళ్లకే పోయి అమ్ముతున్నాయట. మనమూ కస్టమర్ దగ్గరికి పోవాలట. ఇన్నేళ్లు కౌంటర్లో కూర్చున్న నేను ఇక ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాలి. జనమంతా ఒకేచోట ఎక్కడ దొరుకుతారని మీటింగులో అడిగి, పెళ్లిళ్లలో అని జవాబూ తనే చెప్పాడు. వాడి నుదుటి మీద స్టాంపు కొట్టాలనిపించింది.

21 ఏప్రిల్

కస్టమర్ రామప్ప కూతురి పెళ్లి. చదివింపులు రాసే బల్ల పక్కనే మా బల్ల, బ్యానరు, నేను. వచ్చినవాళ్లు వచ్చినట్టు కవర్లు నా చేతిలో పెట్టి పేరు రాసుకోమన్నారు. ఇది బ్యాంకప్పా అంటే, ఇంకా మంచిది, బద్రంగా ఉంటాది అని ఒకాయన భోజనానికి వెళ్లిపోయాడు. విస్తళ్ల మధ్య తిరిగి ఆయన్ని వెతికాను. సిగ్గుతో చచ్చాను.

పాలసీలు మాత్రం అమ్ముడుపోయాయి, ఖర్మ.

2 మే

రీజనల్ ఆఫీసులో వాడి ఐడియాకు చప్పట్లట.

10 మే

19న మదనపల్లెలో అన్న గోపాలస్వామి కూతురు అంబిక పెళ్లి. అన్నకు టమోటా మండీ ఉంది, వ్యాపారులందరూ వస్తారు. యువరాజ్ అక్కడా బల్ల వెయ్యమన్నాడు. మేనత్తను నేను, తాళి కట్టేటప్పుడు దీపం పట్టుకోవాల్సింది నేను, చచ్చినా వెయ్యనన్నాను. కుప్పం బ్రాంచిలో ఖాళీ ఉంది మేడమ్ అన్నాడు, నవ్వుతూ.

మావాడు మనోజ్‌కు ఈ ఏడే పదో తరగతి. వాణ్ణి వదిలి కుప్పం ఎలా పోను? అన్నకు ఫోన్ చేశాను. నీ ఉద్యోగానికి నేనడ్డమా, ఏసుకోమ్మా, అన్నాడు.

19 మే, మధ్యాహ్నం

అంబిక ముహూర్తానికి ముందు మా బల్ల దగ్గరికి ఒక వ్యాపారి, సంతకం యాడ పెట్టాల అని వచ్చాడు. చూపిస్తుండగానే మేళం గట్టిగా మోగింది. తలెత్తేసరికి దీపం వదిన చెల్లెలి చేతిలో ఉంది. పరుగెత్తాను. వదిన అన్నపూర్ణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నువ్వు డూటీలో ఉండావు గదా, ఈడికి యాల వస్తివి, అంది. అన్న నా వైపు చూడలేదు.

అక్షింతలు కూడా వెయ్యకుండా బస్సెక్కాను.

20 మే

యువరాజ్ స్వీట్లు పంచాడు. పాలసీల్లో బ్రాంచికి నేనే ఫస్టట, మెమెంటో ఇచ్చాడు. వాడు చూస్తుండగానే చెత్తబుట్టలో వేశాను. ఒక్క మాటా అననివ్వకూడదని ఎదురుగానే నిలబడ్డాను.

23 మే

కుప్పానికి నేనే అర్జీ పెట్టుకున్నాను. మనోజ్‌ను ఇక్కడే హాస్టల్లో వేస్తాను. కుప్పంలో మాకు చుట్టాలెవరూ లేరు, బల్ల ఎక్కడ వేసినా పరాయి పెళ్లే.